బాపు రిటైర్మెంట్‌కు ఇరవై నాలుగు సీసాల సలాం

మందమర్రిలో మేముండే క్వార్టర్ల వరుసలో ఇప్పటికీ ఎవరైనా సోడా సీసా తెరిస్తే నలుగురు చెవులు మూసుకుంటారు. ఒకరిద్దరైతే మంచం కిందికే దూరతారు. వాళ్లను చూసి నవ్వకండి, పాపం. వాళ్లనలా చేసింది నేనే. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఫస్ట్ క్లాసులో పాసైన నేను! మా స్టోర్ రూమును నేను ఎలా సర్వనాశనం చేశానో చెప్తాను. కాస్త దూరంగా కూర్చుని వినండి.

ముందు మా బాపు గురించి, అంటే మా నాన్న గురించి, తెలియాలి. బాపు రాజలింగు బొగ్గు బాయిలో ఓవర్‌మెన్. షిఫ్టులో భూమి కిందికి దిగిన వాళ్లందరినీ క్షేమంగా పైకి పంపించే పని ఆయనది. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఆయన షిఫ్టులో ఒక్క యాక్సిడెంట్ లేదు. ఒక్కరి చిటికెన వేలైనా చితకలేదు. బాపుకు ఆస్తి అంటే అదే, అంతస్తు అంటే అదే. బాయిలో పైకప్పును కర్రతో కొట్టి, చప్పుడు విని, గట్టిగా ఉందో లేదో చెప్తారు కదా, ఆ అలవాటు ఇంట్లోనూ వదల్లేదు. పొద్దున్నే మొహం కడగకముందే గది గదికీ తిరిగి స్లాబును టక్ టక్‌మని కొట్టి, "మంచిగున్నది, లేవుండ్రి" అనేవాడు. ఆ మాట వినపడేదాకా మా అమ్మ, అదే అవ్వ, పొయ్యి వెలిగించేది కాదు.

ఆ మే నెలాఖరుకు బాపు రిటైర్మెంట్. నేను చదువు పూర్తిచేసి రెండేళ్లుగా ఇంట్లో పడి ఉన్నాను. బాపు ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. అంటే నేనూ ఎదురు మాట్లాడి ఊరుకునేవాణ్ని. అనకపోతే ఏం చేయాలి చెప్పండి? సిగ్గుతో చచ్చిపోయేవాణ్ని. మా కాలనీలో రిటైర్మెంట్ అంటే పెద్ద దావత్. మటన్, బీరు లేకపోతే అది దావతే కాదు. బీరు నా చేతులతో నేనే తయారుచేసి, బాపు పేరు రాసిన చీటీ అంటించి, అందరి ముందూ ఆయన చేతిలో పెడితే? కొడుకు చదువు ఉత్తగా పోలేదని ఆయనకు ఒక్కసారి అనిపిస్తే చాలనుకున్నాను. నవ్వండి, పర్వాలేదు. నాకు మాత్రం అప్పుడు అదే ప్రాణం.

బీరు సామాన్లన్నీ ఒకే డబ్బాలో ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. తెప్పించాను. డబ్బా విప్పగానే అవ్వ వచ్చి పచ్చని గుళికల పొట్లం వాసన చూసింది.

"గిదేంది కొడుకా? కోళ్ల దాణానా?"

అవి హాప్స్. బీరుకు చేదునూ వాసననూ ఇచ్చే పువ్వుల గుళికలు. బీరు మాట ముందే బయటపడితే బాపుకు నేనిచ్చే బహుమానం ఏం కాను?

"ఆకు పసరు అవ్వా. కషాయం చేస్తున్న. నీ మోకాళ్ల నొప్పులకు."

అవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా బిడ్డ సదువు ముందుగాల నాకే అక్కరకొస్తుంది" అని పెళ్లిళ్లప్పుడు మాత్రమే అటక దిగే పెద్ద గంజును తానే దించి, తోమి ఇచ్చింది. ఆ గంజు ముందు నిలబడి నిజం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని ఉడికించి, వడగట్టి, చల్లార్చి, ఈస్ట్ చల్లి ప్లాస్టిక్ డ్రమ్ములో పోశాను. మూతకు ఓ సన్నని గొట్టం, గొట్టం కొస నీళ్ల గిన్నెలో. లోపల పులిస్తే గ్యాస్ వచ్చి నీళ్లలో బుడగలు లేవాలి. ఒకటి రెండు రోజులు ఓపిక పట్టమని పుస్తకంలో రాసి ఉంది. నేను పది నిమిషాలు పట్టాను. తర్వాత మూత తీసి చూశాను. మళ్లీ తీసి చూశాను. సాయంత్రానికి ఆ డ్రమ్ము మూత మా ఇంటి తలుపు కన్నా ఎక్కువసార్లు తెరుచుకుంది. బుడగ మాత్రం లేదు. పక్క క్వార్టర్ కొమురయ్య కాకను పిలుచుకొచ్చాను.

కాక బాపు షిఫ్టులోనే శాట్ ఫైరర్. బొగ్గు గోడలోని రంధ్రాల్లో మందుగుండు పెట్టి పేల్చడం ఆయన ఉద్యోగం. బీరు విషయంలో ఆయన అనుభవమంతా తాగడం దగ్గరే ఆగింది. ఆ సంగతి నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ అర్థం కాదు.

"కాకా, సచ్చిపోయినట్టున్నది."

"ఎవలు రా?" కాక నెత్తి మీది తువ్వాల తీసేశాడు.

"ఈస్ట్ కాకా. అది చక్కెర తిని గ్యాస్ ఇడవాలె. ఇడుస్తలేదు."

"గంతేనా! ఆకలైతుందేమో. ఇంకింత పెట్టు."

చక్కెర పెట్టాను. ఉన్న రెండో ఈస్ట్ పొట్లం కూడా చల్లాను. మే నెల, మందమర్రి ఎండ, గాలాడని స్టోర్ రూము. తెల్లారేసరికి నురుగు మూతను పక్కకు తోసి, తలుపు కింది నుంచి పారి, బాపు చెప్పులను వాకిలి దాకా తీసుకుపోయింది. లోపల బుడబుడమని ఒకటే మోత. బాపు కర్ర అడ్డం పెట్టి నిలబడ్డాడు.

"ఎవ్వలు ఇటు రావద్దు. గ్యాస్ లీకైతుంది. పొయ్యి ముట్టియ్యకుండ్రి."

"గ్యాస్ కాదు, కషాయం" అంది అవ్వ.

"కషాయం ఊపిరి తీస్తదా?"

"నీ కొడుకును అడుగు. ఎమ్మెస్సీ."

బాపు నావైపు చూశాడు. "తీస్తది బాపూ" అన్నాను. చదువుకున్నవాడి మాటకు విలువిచ్చే మనిషి, కర్ర దించాడు.

సీసాల్లో పోయడానికి రెండు వారాలు ఆగాలి. నాకు వ్యవధి లేదు. ఆరో రోజు ఆదివారం, బాపు బజారుకు పోయిన సమయంలో, బుడగలు ఇంకా వస్తుండగానే, కాక వాళ్లింటి ఖాళీ సీసాలు ఇరవై నాలుగు కడిగి నింపేశాను. సీసాలో కాస్త గ్యాస్ పుట్టడానికి ఒక్కో దాంట్లో అర చెంచా చక్కెర వేయాలి. కాక ఆ అర చెంచాను చూసి జాలిపడ్డాడు.

"గింతనా? నేనెప్పుడన్న మందు తక్కువ పెట్టి పేల్చిన్నా? తే ఇటు."

సీసాకు రెండు పెద్ద చెంచాల చొప్పున పోశాడు. అంతలో ఇంకో సంగతి గుర్తొచ్చింది. మూతలు నొక్కే మిషను తెప్పించడం మరిచిపోయాను.

"పరేషాన్ గాకు. సీలు జేసుడు నా నౌకరీయే" అన్నాడు కాక. బాయిలో రంధ్రంలో మందు పెట్టాక పైన మట్టి కూరుతారు కదా, అచ్చం అలాగే చేశాడు. ముందు చెక్క బిరడా, దాని మీద తడి బంకమట్టి, పైన ఇనుప తీగతో నాలుగు చుట్లు. నాకు కొద్దిగా అనుమానమొచ్చింది.

"కాకా, గ్యాస్ ఎక్కువైతే మట్టి తన్నుకొస్తదేమో?"

"ముప్పై ఏండ్ల సంది కూరుతున్న. నేను కూరిన మట్టి ఒక్కసారన్న బయటికి తన్నలే."

"మరి ఏం పగులుతది కాకా?"

"బొగ్గు గోడ" అన్నాడు కాక గర్వంగా.

మీకు ఇక్కడే అర్థమై ఉంటుంది. మీరు ఎమ్మెస్సీ చదవలేదు కాబట్టి అర్థమైంది. నేను "శభాష్ కాకా" అని సీసాలన్నీ స్టోర్ రూములో వరుసగా పేర్చి తాళం వేశాను.

రిటైర్మెంట్ రోజు రానే వచ్చింది. బాపుకు దండలు వేసి జీపులో, బ్యాండు మోతతో ఇంటికి తెచ్చారు. వాకిట్లో షామియానా, వంటింట్లో మటన్. వచ్చినవాళ్లంతా బాయి మనుషులే. మేనేజర్ సార్ ముందు కుర్చీలో కూర్చుని రెండు మాటలు మాట్లాడమన్నారు. బాపు లేచాడు. గొంతు సవరించుకున్నాడు.

"సార్, ముప్పై నాలుగేండ్లల్ల నా షిఫ్టుల ఒక్క యాక్సిడెంట్..."

ఢాం!

స్టోర్ రూము తలుపు అదిరింది. మూడో వరుసలోంచి కొమురయ్య కాక చటుక్కున లేచి, "ఒకటి!" అన్నాడు.

ఢాం! "రెండు!" ఢాం ఢాం! "మూడు, నాలుగు!"

ఆయన తప్పు కాదు. ఒక్క మందు పేలకుండా మిగిలినా ప్రమాదం కాబట్టి శాట్ ఫైరర్ ప్రతి పేలుడునూ లెక్కపెట్టాలి. చెవిన పడితే నోరు దానంతటదే లెక్కపెడుతుంది. బాపు అప్పటికే దండలు తీసి అవతల పడేశాడు.

"అందరు దూరం జరుగుండ్రి! ఉరుకుడొద్దు, నడువుండ్రి!"

నూరు మంది చప్పుడు లేకుండా వరుసగా నడిచారు. బ్యాండువాళ్లు మాత్రమే ఉరికారు.

"రాజలింగూ, ఏం పేలుతోందయ్యా?" అన్నారు మేనేజర్ సార్.

"కషాయం సార్. నా కొడుకు చేసిండు" అంది అవ్వ.

ఇరవై మూడు దగ్గర మోత ఆగింది. తలుపు కింది నుంచి నురుగు మెట్లు దిగుతోంది. బాపు డ్యూటీ గొంతుతో అడిగాడు.

"కొమురయ్యా, ఎన్ని పెట్టినవ్?"

"ఇరవై నాలుగు ఓవర్‌మెన్ సాబ్!" అని టక్కున చెప్పేసి, కాక నాలుక్కరుచుకున్నాడు.

"అంటే ఒకటి మిస్‌ఫైర్. అరగంట దాకా ఎవ్వలు లోపటికి పోవద్దు."

రూలంటే రూలే. అవ్వ ఎర్ర రవిక గుడ్డను బాపు తాడుకు కట్టి గుమ్మానికి అడ్డంగా బిగించాడు. లోపల మటన్ చల్లారుతోంది. నూరు మంది ఎదురుగా నిలబడి గడియారాలు చూసుకుంటున్నారు. బాపు అరగంటలో ఒక్కసారైనా నావైపు చూడలేదు. భూమి చీలితే దూకేద్దామనుకున్నాను. మా ఊళ్లో అందుకు చోట్లకేం కొదవ లేదు గానీ ఆయన పోనివ్వడు కదా.

అరగంట కాగానే బాపు టోపీ పెట్టుకుని, కర్ర పట్టుకుని ఒక్కడే లోపలికి పోయాడు. టక్ టక్‌మని చప్పుడు వినిపించింది. "స్లాబు మంచిగున్నది!" అని కేక. తర్వాత తడి గోనెసంచిలో చుట్టి చివరి సీసాను బయటికి తెచ్చాడు. దూరంగా పెట్టి, తీగ విప్పి, మట్టి రాల్చి, బిరడా లాగాడు. అందరం ఊపిరి బిగబట్టాం. కిక్కురుమనలేదు, బీరు వాసన మాత్రం గుప్పుమంది. చక్కెర డబ్బా నిండుకోవడంతో కాక దాంట్లో చక్కెరే వేయలేదట.

ఎవరూ ఆపకముందే అవ్వ ఆ సీసా అందుకుని గటగటా సగం తాగేసింది. "చేదున్నది. కషాయమంటే చేదే ఉండాలె" అని పదడుగులు నడిచి, "ఏమో, జర తేలికనే ఉన్నది" అంది.

బాపు మాత్రం మెట్ల మీద కూలబడ్డాడు. "ఆఖరి దినం సార్. ఆఖరి దినం యాక్సిడెంట్ అయింది."

"షిఫ్ట్ అయిపోయాక జరిగింది కదయ్యా. నీ లెక్కలోకి రాదు."

"సర్వీసు అర్ధరాత్రి దాకుంటది సార్."

"ఇది బాయి కాదు, ఇల్లు."

"క్వార్టర్ కంపెనీదే సార్."

మేనేజర్ సార్ చేతులెత్తేశారు. బాపు కళ్లు తడిగా ఉన్నాయి. అప్పుడు కొమురయ్య కాక ముందుకొచ్చాడు.

"సాబ్, యాక్సిడెంట్ అంటే ఎవలకన్న దెబ్బ తాకాలె. తాకిందా?"

"తాకలే."

"జనాన్ని దూరం పంపినమా? లెక్క పెట్టినమా? మిస్‌ఫైర్‌కు అరగంట ఆగినమా? నువ్వు పోయి కప్పు కొట్టి చూసినవా? మరి గిది యాక్సిడెంట్ ఎట్లయితది? గిది బ్లాస్టింగు! రూలు ప్రకారం పేలింది!"

బాపు జేబులోంచి డైరీ తీసి, పెన్ను విదిలించి, "ఆఖరి రౌండు. ఇరవై మూడు పేలినయ్. అందరు క్షేమం" అని రాసుకున్నాడు. రాసి నావైపు చూసి నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు. "నా సర్వీసుల గింత మంచి రౌండు కొట్టలే బిడ్డా" అన్నాడు. నేను ఏడ్చేశాను. సిగ్గెందుకు, గట్టిగానే ఏడ్చాను.

"ఇగ చెయ్యి సాపు" అన్నాడు బాపు. బాయిలో షిఫ్టుకు ముందు అందరూ చెయ్యి చాపి భద్రతా ప్రతిజ్ఞ చేస్తారు. నేనూ కుడిచెయ్యి చాపి, ఆయన చెప్పినట్టే చెప్పాను: "ఓవర్‌మెన్ రాజలింగు కొడుకునైన నేను, ప్రాణం పోయినా, ఇంట్లో గానీ, వాకిట్లో గానీ, బీరు తయారుచేయనని, శాట్ ఫైరర్‌తో మూతలు పెట్టించనని ఇందుమూలముగా ప్రతిజ్ఞ చేయుచున్నాను."

నా వెనక పెద్ద హోరు వినిపించి తిరిగి చూశాను. ప్రతిజ్ఞ చెవిన పడగానే అలవాటు కొద్దీ మేనేజర్ సార్‌తో సహా నూరు మందీ చేతులు చాపి నాతోపాటే చెప్తున్నారు. మా కాలనీలో ఇక ఎవ్వరూ బీరు తయారుచేయరు.

చెయ్యి చాపనిది అవ్వ ఒక్కతే. ఖాళీ సీసా చంకన పెట్టుకుని నా దగ్గరికొచ్చి మెల్లగా అంది.

"నేనైతే ఒట్టు వెట్టలే. మల్లెప్పుడు చేస్తవ్ కొడుకా?"