కుక్క నోట్లోని చెండు

గద్వాలలో మా ఇంటి ముందు గదిలో మగ్గం ఉండేది, వెనక గదిలో పొయ్యి. సంస్థానం ఉన్న రోజులవి. నేను ఇంకా లంగా జాకెట్టు తొడుక్కుని తిరిగే పిల్లను. ఒకనాడు పొద్దున నేత నేస్తూనే మా తాత కుడివైపుకు ఒరిగిపోయాడు. పక్షవాతం. హకీం ఇచ్చిన నూనెలు రాయగా రాయగా కాలు కొంత కుదురుకుంది, కట్టె పట్టుకుని వాకిట్లోకి రాగలిగాడు. కుడి చెయ్యి మాత్రం మళ్లీ లేవలేదు. మూతి ఒక పక్కకు పోయి, మాట ముద్దగా వచ్చేది.

అంతకుముందు తాత మంచి మాటకారి. ఏ చీరకు ఏ రంగు అంచు నప్పుతుందో అడగడానికి వీధిలో వాళ్లు వచ్చి కూర్చునేవాళ్లు. జబ్బు చేశాక పలకరించడానికి వచ్చిన ఒక పాత స్నేహితుడు, తాత చెప్పింది ఎంతకూ అర్థంకాక, చివరికి మా నాయన మొహం వైపు చూశాడు. తాత అది గమనించాడు. ఆ తర్వాత ఆయన మాట్లాడటం మానేశాడు. దూప అయితే చెంబు చూపించేవాడు. అన్నం చాలంటే చెయ్యి అడ్డం పెట్టేవాడు.

ఆ ఎండాకాలమే నాయన చీరలు ఇచ్చి రావడానికి వనపర్తి పోయి, వస్తూ ఒక కుక్కను వెంటబెట్టుకొచ్చాడు. తేవాలని తేలేదు. ఆత్మకూరు దగ్గర బండి వెనక పడి నడుచుకుంటూ వచ్చేసిందట. పసుపుపచ్చ ఒళ్లు, చిరిగిన చెవి, ఇంకా పూర్తిగా ఎదగని కుక్క. నూలున్న ఇంట్లో కుక్కేమిటని అమ్మ గొణిగింది. అది పోయి తాత మంచం కింద పడుకుంది. తాత కట్టె ఎత్తలేదు. అలా ఉండిపోయింది.

మగ్గం దగ్గర మిగిలిన పోగులు ఉండ చుట్టి, పాత చీర గుడ్డ పైన కుట్టి అమ్మ నాకొక చెండు చేసిచ్చింది. దాన్ని విసిరితే కుక్క ఉరికిపోయి తెచ్చేది. తేవడం వరకే. ఇవ్వమంటే ఇచ్చేది కాదు. నేను లాగితే అదీ లాగేది. గట్టిగా లాగితే గుర్రుమంటూ ఇంకా గట్టిగా పట్టేది. చెండు చిరిగి పోగులు బయటపడేవి, అమ్మ తిడుతూ మళ్లీ కుట్టేది. వదలమని, ఇడ్సు, ఇడ్సు అని నేను గొంతు పోయేలా అరిచినకొద్దీ దానికి హుషారు పెరిగేది.

ఒక సాయంత్రం అది నా దగ్గరికి కాక, చెండు నోట పెట్టుకుని తాత దగ్గరికి పోయింది. ఆయన ఎడమ చేత్తో చెండు పట్టుకున్నాడు. లాగే బలం ఆయనకు లేదు. చెండు పట్టుకున్న చేతిని మోకాలి మీద ఆనించి, వీధి వైపు చూస్తూ ఊరకే కూర్చున్నాడు. కుక్క లాగింది, తల అటూ ఇటూ విదిలించింది. చెయ్యి ఊగింది గాని ఎదురు లాగలేదు. కాసేపటికి దానికి ఆటలో రుచి పోయింది. దవడ వదులు చేసింది. సరిగ్గా అప్పుడు నేననే ఇడ్సు మాటే తాత నోట ముద్దగా వచ్చింది. "ఇస్సూ."

వెంటనే చెండు విసిరాడు. దూరం పోలేదు, అయినా కుక్క సంబరంగా ఉరికింది.

అప్పటినుంచి రోజూ ఎండ తగ్గాక అదే ఆట. వదిలితేనే మళ్లీ విసురుతారని కుక్కకు తెలిసింది. కొన్నాళ్లకు తాత చెయ్యి ముందుకు పెట్టి ఆ మాట అంటే చాలు, చెండు అరచేతిలో పెట్టేది. అప్పుడప్పుడు జొన్నరొట్టె ముక్క పెట్టేవాడు. ఆయన దానితో ఇంకా ఏమేమో మాట్లాడేవాడు. మేం దగ్గరికి పోతే ఆపేసేవాడు. అందుకని నేను తలుపు వెనక నిలబడి వినేదాన్ని.

వానలు మొదలవక ముందు, అంచు కోసం ఎర్రగా అద్దిన పట్టు లడులు, అంటే దారపు చుట్టలు, పెరట్లో వెదురు మీద ఆరేశారు. గాలికి ఊగుతున్న లడిని చూసి కుక్కకు ఏమనిపించిందో, ఎగిరి ఒకటి అందుకుంది. అమ్మ కేక విని నాయన మగ్గం గుంటలోంచి లేచి వచ్చాడు. ఇద్దరూ తరిమితే అది పెరడంతా తిరిగింది. లడి చివర అమ్మకు దొరికింది. లాగితే పట్టంతా చిక్కుపడి పాడవుతుంది, వదిలితే కుక్క ఉరుకుతుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను ఇడ్సు అన్నాను. కుక్క తోక ఊపింది. నా మాట దానికి మాటే కాదు. లాగొద్దని అమ్మకు చెప్పి, చెయ్యి ముందుకు చాపి, మూతి ఒక పక్కకు తిప్పి, తాత గొంతుతో "ఇస్సూ" అన్నాను.

లడి నా చేతిలో పడింది.

నేను సంతోషించేలోపే అమ్మ నా జబ్బ పట్టుకుంది. "ముసలాయనను ఎక్కిరిస్తున్నవా? ఎవరు నేర్పిండ్రు నీకు గిట్ల?"

నాకు ఏడుపొచ్చింది. కుక్కకు తాత మాటే తెలుసని చెప్పబోయాను. ఇంతలో వెనక ఒక చప్పుడు వినిపించింది. తాత కట్టె ఆనుకుని గడపలో నిలబడి ఉన్నాడు. నవ్వుతున్నాడు. భుజాలు ఎగిరిపడేలా, కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. జబ్బు చేశాక ఆయన నవ్వడం మేం చూడలేదు. తర్వాత అమ్మ వైపు చూసి, ఆగి ఆగి, మాట వెంట మాట పేర్చుకుంటూ అన్నాడు.

"పిల్లను... ఏమనకు. దానికి... నా బాస... వచ్చింది."

అమ్మ నా జబ్బ వదిలింది. "అయితే మాగ్గూడ నేర్పు, మామా," అంది.

నేర్పాడు. మేం అర్థంకాలేదని దాచకుండా మళ్లీ అడిగేవాళ్లం, ఆయన విసుక్కుంటూనే మళ్లీ చెప్పేవాడు. చవితి పండుగ నాటికి ఆ పాత స్నేహితుడు మళ్లీ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. వాళ్లిద్దరూ ఆకుపచ్చ గురించో, వంగపండు రంగు గురించో పోట్లాడుకుంటుంటే నాయన మగ్గం ఆపి విన్నాడు.

తాత ఇంకా కొన్నేళ్లు ఉన్నాడు. ఆయన పోయాక కుక్క ఎండవేళ మగ్గం గుంటలోకి దిగి పడుకోవడం మొదలుపెట్టింది. అక్కడ చల్లగా ఉండేది. నాయన దాన్ని లేపేవాడు కాదు. తొక్కుడు కర్రల పక్కన దాని తోక ఎక్కడుందో చూసుకుని, కాలు మెల్లగా పెట్టి నేసేవాడు.