నూగు తెలిసిన చెయ్యి

వీరవేణి మా కర్టెన్ల షాపు మేడమీద పద్నాలుగేళ్ళు మిషను తొక్కింది. రాజమండ్రిలో కింద షాపు, పైన కుట్టుపని. యజమాని మురళీకృష్ణ గారు. గుడ్డ కత్తిరించేది నేను, చిట్టెమ్మను. నా చదువు మూడో తరగతితో సరి. అయినా నేను టేపు పట్టాక ఆ కిటికీ మళ్ళీ కొలిచిన మగాడు లేడు.

వీరవేణి పుట్టిల్లు పిఠాపురం అవతల సముద్రం ఒడ్డున. తండ్రి వేటకు వెళ్ళేవాడు, తల్లి చేపల గంప ఎత్తుకుని ఊళ్ళు తిరిగేది. బళ్ళో పక్కపిల్ల ముక్కు మూసుకుందని ఈవిడ బడే మానేసిందట. పెళ్ళై రాజమండ్రి వచ్చాక మా దగ్గర చేరింది. మొదటిరోజు గుడ్డ ముట్టుకునే ముందు సబ్బుతో రెండుసార్లు చేతులు కడిగి, వాసన చూసుకుంది.

"ఏంటమ్మా, పూజలో కూర్చుంటావా, మిషను మీద కూర్చుంటావా?" అన్నాను.

"వాసన లేని పని దొరికిందండి పిన్నిగారూ. ఇంక వదులుకోనండి," అంది.

పద్నాలుగేళ్ళూ ఆ కడుక్కోవడం మానలేదు. ఆ వేళ్ళలో ఏముందో గాని, ఆవిడ చేత్తో వేసిన అంచుకుట్టు బయటికి కనిపించేది కాదు. వెల్వెట్ వస్తే ఇంక చెప్పక్కర్లేదు. వెల్వెట్‌కు నూగు ఉంటుంది. ఒకవైపు నిమిరితే పిల్లి వీపులా నున్నగా పోతుంది, ఎదురు నిమిరితే గరగరలాడుతుంది. కర్టెన్ రెక్కలన్నిటికీ నూగు ఒకేవైపు వాలాలి. ఒక్కటి తలకిందులైతే లైటు వేయగానే వేరే రంగులో నిలబడుతుంది. అందుకే కత్తిరించగానే గుడ్డ వెనకవైపు సుద్దతో బాణం గీస్తాను. మొన ఎటుంటే అటు కింది అంచు. వీరవేణి కళ్ళు మూసుకుని వేలికొసతో తాకి చెప్పేది, నూగు ఎటో. నా బాణంతో ఎప్పుడూ సరిపోయేది.

రెండేళ్ళ కిందట మండపేటలో రైసుమిల్లు వాళ్ళ కొత్త ఇంటికి ఎనిమిది వెల్వెట్ రెక్కలు ఒప్పుకున్నాం. ద్రాక్షపండు రంగు. ఏడు కత్తిరించి భోజనానికి లేచాను. తిరిగొచ్చేసరికి ఎవరో గుడ్డ చుట్టను టేబులు మీద అటుదిటు తిప్పి పెట్టారు. నిమిరి చూసుకోవాలి. చూసుకోలేదు. చేతి అలవాటుతో బాణం గీసి పడేశాను.

కాసేపటికి వీరవేణి ఆ రెక్క పట్టుకుని వచ్చింది. "పిన్నిగారండీ, ఇదొక్కసారి నిమిరి చూడండి."

"బాణం గీశానా లేదా?"

"గీశారండి. అయినా..."

"నువ్వు పాలు తాగే రోజుల నుంచీ గీస్తున్నానే బాణాలు! నాకు నేర్పుతావేంటి? వెళ్ళి కుట్టు."

మిషన్ల మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. వీరవేణి తల వంచుకుని వెళ్ళి కుట్టింది.

గృహప్రవేశానికి ముందురోజు రెక్కలు తగిలించి హాల్లో లైట్లు వేశారు. ఏడు ద్రాక్షపండులా మెరుస్తుంటే ఎనిమిదోది బొగ్గులా ఉంది. చుట్టాలందరి ముందూ ఆ ఇంటావిడ మురళీకృష్ణ గారిని కడిగేసింది. ఆయన తిరిగొచ్చి మా ఇద్దరినీ పిలిచారు.

"ఎవరు చేశారమ్మా ఇది?"

ఆ క్షణం నా నోరు ఊరుకుంటే ఎంత బాగుండేది. "నా బాణం ఎప్పుడైనా తప్పిందా అండి? కుట్టినవాళ్ళనే అడగండి," అన్నాను.

వీరవేణి నావైపు ఒక్కసారి చూసింది. "చూసుకోలేదండి, నాదే పొరపాటు," అంది. రేపటి నుంచి రావద్దన్నారాయన. కత్తెర కొంగున చుట్టుకుని మెట్లు దిగిపోయింది.

ఆ రెక్క నా టేబులు మీదికే వచ్చింది. లైనింగు విప్పాను. లోపల నా బాణం ఉంది, మొన తప్పు వైపుకి. అప్పుడైనా కిందికి దిగి చెప్పొచ్చు. నేను అరచేత్తో సుద్ద దులిపేశాను.

వెల్వెట్ పాడుచేసిందన్న పేరు ఊరంతా పాకింది. ఏ షాపువాళ్ళూ వీరవేణిని పెట్టుకోలేదు. ఆటో తోలే మొగుణ్ణీ, కూతుర్నీ ఇక్కడే వదిలి పుట్టింటికి చేరి, దగ్గర్లోని రొయ్యల కంపెనీలో కుదిరిందని విన్నాను. విని ఊరుకున్నాను.

మొన్న వేసవిలో మురళీకృష్ణ గారే అన్నారు, "చేతికుట్టు వేసేవాళ్ళు దొరకట్లేదమ్మా, ఆ వీరవేణి వస్తుందేమో కనుక్కోండి" అని. నేనే తీసుకొస్తానన్నాను. వెల్వెట్ ముక్కొకటి సంచిలో వేసుకుని రైలెక్కాను.

నేను వాళ్ళ పుట్టింటికి చేరేసరికి వీరవేణి డ్యూటీ దిగి అప్పుడే వచ్చింది. నన్ను చూడగానే చేతులు వెనక్కి పెట్టుకుంది. నేను నిలబడే చెప్పేశాను, బాణం నాదేనని, దులిపేసిందీ నేనేనని.

"తెలుసండి," అంది. "వేలు పెట్టగానే తెలిసిందండి."

"మరి ఎందుకు కుట్టావే?"

"మీరు గీశారు కదండీ. పద్నాలుగేళ్ళలో మీ బాణం తప్పడం చూడలేదు. నా వేలే తప్పేమో అనుకున్నానండి."

సంచిలోంచి ముక్క తీసి ఇచ్చాను. "అయ్యగారు రమ్మన్నారు. పద."

ఆవిడ వెంటనే ముట్టుకోలేదు. వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుంది, మళ్ళీ కడుక్కుంది, మూడోసారి కడిగి వాసన చూసుకుని వచ్చింది. అప్పుడు కనిపించాయి ఆ వేళ్ళు. రోజంతా ఐసులో రొయ్యలు వలిచి వలిచి కొసలు తెల్లగా నాని, ముళ్ళు గుచ్చుకుని, తోలు మందంగా కట్టేసి ఉన్నాయి. కళ్ళు మూసుకుని ముక్క మీద వేలు నడిపింది. అటు. ఇటు. చెంపకు ఆనించి చూసి మళ్ళీ వేలితో చూసింది.

"ఎటే?" అన్నాను.

"రెండువైపులా ఒకేలా ఉందండి పిన్నిగారూ."

"తొందరేం లేదు. మళ్ళీ చూడు."

చూడలేదు. ముక్కను నాలుగు మడతలు పెట్టి నా సంచిలో వేసింది. "వాసన పట్టేసుంటుందండి. ఉతికి వాడుకోండి," అంది. టీ పెడతానని లోపలికి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

రాజమండ్రి వచ్చి మురళీకృష్ణ గారికి జరిగిందంతా చెప్పాను, రెండేళ్ళ కిందటి బాణంతో సహా. తిడతారనుకున్నాను. తిట్లు తినాలనే వెళ్ళాను. ఆయన ఫోను చూసుకుంటూ, "పోన్లెండమ్మా, ఆ రెక్క అప్పుడే సరిచేసి పంపేశాం కదా," అన్నారు.