అమ్మగారు తట్టిన తలుపులు

మంగళవారం పొద్దున ఏడింటికి అమ్మగారి ఇంటి ఓనరమ్మ ఫోన్ చేసింది. "పాస్టర్ గారూ, జర జల్ది రండి. చాయ్ తీస్కపోయి లేపిన, అమ్మగారు లేస్తలేరు. ఒళ్లు సల్లగుంది" అంది. నారాయణగూడ నుంచి చిక్కడపల్లికి బండి మీద పది నిమిషాలు కూడా పట్టదు. నేను వెళ్లేసరికే ఎదురింటి డాక్టరు చూసి వెళ్లిపోయాడు. నిద్రలోనే పోయారట. చర్చి వాట్సాప్ గ్రూపులో "ప్రభువునందు నిద్రించారు" అని నేనే రాసి పెట్టాను.

సిగ్గుపడుతూనే ఒక మాట చెప్పాలి. ఆ మంచం పక్కన నిలబడినప్పుడు నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, భయం. గ్రూప్స్ ఉద్యోగ పరీక్షల ఫలితాలు ఆ వారంలోనే వస్తాయని అశోక్‌నగర్ అంతా అప్పటికే గుప్పుమంది. ఈసారి ఎవరు వెళ్తారు అన్న ప్రశ్న ఒక్కటే నా బుర్రలో తిరిగింది. ఎక్కడికి వెళ్లడమో, ఎందుకు భయమో మీకు తెలియాలంటే అమ్మగారు ఎవరో చెప్పాలి.

మా సంఘంలో పాస్టరు గారిని అయ్యగారనీ, ఆయన భార్యను అమ్మగారనీ పిలుస్తాం. ఈవిడ ఇప్పుడున్న అయ్యగారికి ముందు సేవ చేసిన పెద్దాయన భార్య. ఆయన పోయి చాలా ఏళ్లయింది. అయినా అమ్మగారు అన్న పిలుపు ఈవిడకే ఉండిపోయింది. పిల్లలు లేరు. చిక్కడపల్లిలో లైబ్రరీ దగ్గరి సందులో రెండు గదుల పోర్షన్‌లో కిరాయికి ఉండేవారు. నేను యూత్ పాస్టర్‌ని, వయసులోనూ చిన్నవాణ్ణి కాబట్టి నన్ను "చిన్నయ్యగారూ" అనేవారు. అందులో గౌరవం ఎంతో, వెక్కిరింత ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆదివారం ఆరాధనలో ఆవిడ చోటు ఆఖరి బెంచీ, గుమ్మం పక్కన. ముందు వరసలో కుర్చీ వేసినా కూర్చునేవారు కాదు. "ముందల కూసుంటె నీ మొఖం తప్ప ఏం కనవడ్తది చిన్నయ్యగారూ? ఈడ కూసుంటె ఎవరు లేసి పోతున్నరో తెలుస్తది" అన్నారు ఒకసారి. ఆశీర్వాదం ఇవ్వకముందే లేచి వెళ్లిపోయే పిల్లలను ఆవిడ చూపు గేటు దాకా సాగనంపేది. ఆ చూపు నాకు నచ్చేది కాదు. ఏదో కీడు జరగబోతోందని ముందే తెలిసినట్టు ఉండేది. పాటల హుషారులో ఉన్నవాణ్ణి ఆ ముఖం కనబడగానే ఒక లైను తప్పేవాణ్ణి.

నేను బందరు వైపు నుంచి వచ్చినవాణ్ణి. గిటారు వాయిస్తాను, గొంతు పెద్దది, మైకు దొరికితే వదలను. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లల కోసం నన్ను పెట్టుకున్నారు. మంచం పట్టడమే గగనమైన గది, పొద్దున్నుంచి రీడింగ్ రూములో తలొంచుకుని చదువు, నోటిఫికేషన్ ఎప్పుడో తెలియదు, వాయిదా ఎప్పుడో తెలియదు. ఊళ్లో అడిగేవాళ్లకు ఏం చెప్పాలో తెలియక పండగలకు కూడా ఇళ్లకు పోరు. చౌరస్తాలో ఎటు తిరిగినా కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల మీద ర్యాంకులు వచ్చినవాళ్లు నవ్వుతూ ఉంటారు. రానివాళ్లు వాటి కిందే మిర్చీబజ్జీలు తింటూ నిలబడతారు.

వాళ్ల కోసం నేను హాల్ టికెట్ల ఆదివారం మొదలుపెట్టాను. పరీక్షకు ముందు ఆదివారం అందరూ హాల్ టికెట్లు, పెన్నులు తెచ్చి బల్ల మీద కుప్పగా పెట్టేవాళ్లు. నేను ఆ కుప్ప మీద చేతులు పెట్టి ప్రార్థన చేసేవాణ్ణి. ఫలితాలు వచ్చాక నెగ్గినవాళ్లకు మైకిచ్చి, దేవుడు తమకేం చేశాడో సాక్ష్యం చెప్పించేవాణ్ణి. చప్పట్లతో హాలు దద్దరిల్లేది. వీడియోలు పిల్లల ఫోన్లలో చక్కర్లు కొట్టేవి, నాకూ కాస్త పేరొచ్చింది. మొదటిసారి అదంతా అయ్యాక అమ్మగారు నా దగ్గరికి వచ్చారు.

"మంచిగ పాడినవ్. పాసైనోళ్లందరు మంచిగ చెప్పిన్రు. ఫెయిలైనోళ్ల సాక్ష్యం ఎప్పుడు పెడ్తవ్?"

నేను నవ్వేశాను. "వాళ్లు ఆ రోజు రారు కదమ్మగారూ."

"అదే అడుగుతున్న. ఏడికి పోయిన్రు?"

సౌండ్ బాక్సులు సర్దుకోవాలని చెప్పి తప్పించుకున్నాను.

ఆ తర్వాత కొన్ని నెలలకు సంఘపెద్ద ఒకాయన నన్ను పక్కకు పిలిచాడు. అమ్మగారు అశోక్‌నగర్ హాస్టళ్లలో గది గదికీ తిరిగి పిల్లల్ని అన్నం అడుగుతున్నారట. ఒకచోట ఆమ్లెట్, ఒకచోట మ్యాగీ, ఒకచోట పచ్చడి మెతుకులు. పాస్టరు గారి భార్య అయ్యుండి ఇదేం పని, చర్చి పరువు పోతోంది, నువ్వు నెమ్మదిగా చెప్పు అన్నాడు. పిల్లలు కూడా అమ్మగారికి తిండి యావ ఎక్కువని నవ్వుకుంటున్నారని తెలిసి నాకూ తల కొట్టేసినట్టయింది. వెళ్లి చెప్పాను. "ఇంట్లో వంట చేసుకోలేకపోతే క్యారియర్ ఏర్పాటు చేస్తామమ్మగారూ" అన్నాను. ఆవిడ "క్యారియర్ల ఏం కూర వస్తది?" అని అడిగారు. తిరగడం మాత్రం మానలేదు.

ఇక నా తప్పు. వనపర్తి వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఒకామె మా యూత్‌లో ఉండేది. నాలుగోసారి పరీక్ష రాస్తోంది. హాల్ టికెట్ల ఆదివారం ఆమెను ముందుకు పిలిచి తల మీద చెయ్యి పెట్టాను. పాట ఊపులో ఉన్నాను, అందరి చేతులూ పైకి లేచి ఉన్నాయి. "చెల్లీ, వచ్చే ఏడాది ఇదే చోట నువ్వు ఆఫీసర్‌గా నిలబడి సాక్ష్యం చెబుతావు. ఇది నా మాట కాదు, ప్రభువు మాట" అనేశాను. హాలంతా హల్లెలూయా అంది. ఆ అమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆఖరి బెంచీ మీద అమ్మగారు మాత్రం కళ్లు తెరిచి నన్నే చూస్తున్నారు.

ప్రార్థన అంటే అడగడం. నేను ఆ రోజు అడగలేదు, చెప్పేశాను. సేవలోకి వచ్చే కుర్రవాళ్లకు డబ్బు గురించి, అహంకారం గురించి పెద్దలు జాగ్రత్తలు చెబుతారు. జనం హల్లెలూయా అంటుంటే నోరు దానంతటదే ముందుకు పోతుందని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాదేమో.

ఫలితాలు ఒక బుధవారం సాయంత్రం వచ్చాయి. ఆ అమ్మాయి నంబరు లేదు. "దేవుడు ఇంతకన్నా మంచిది దాచి ఉంచాడు చెల్లీ" అని మెసేజ్ పెట్టాను. చూసినట్టు నీలం గీతలు రాలేదు. నిద్రపోయుంటుందిలే అనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం చర్చి ఆఫీసులో గిటారు తీగలు మారుస్తుంటే అమ్మగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఆ పిల్ల ఏది?"

"ఏ పిల్లమ్మగారూ?"

"నువ్వు దేవుని పేరు మీద ఆఫీసర్ని చేసిన పిల్ల. నాకు మనసు మంచిగ లేదు. నడువ్."

ఆటోలో ఆ అమ్మాయి హాస్టల్‌కు వెళ్లాం. మోకాళ్ల నొప్పులున్న మనిషి మూడు అంతస్తులు ఎక్కడా ఆగకుండా ఎక్కారు. హాస్టల్ చూసుకునే ఆమె మా వెనకే వచ్చి, "నిన్నటి సంది కిందికి దిగలేదమ్మా, తిననీకి గూడ రాలే. ఫోన్ బంద్ ఉంది" అంది. తలుపు బాది, "చెల్లీ, తలుపు తియ్యి, ప్రార్థన చేద్దాం" అని అరిచాను. అమ్మగారు నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు. "నువ్వు జర సప్పుడు చెయ్యకు" అన్నారు.

తర్వాత ఆవిడ వేళ్లతో రెండుసార్లు మెల్లగా తట్టారు. "బిడ్డా, నేను. పొద్దుగాల నుంచి ఏం తినలే, కండ్లు తిరుగుతున్నయ్. ఏమన్న చేసి పెడ్తవా?"

ఈ టైములో కూడా తిండేనా అని నాకు ఒళ్లు మండింది. ఆవిడ తాపీగా తలుపు పక్కన నేల మీద కూర్చున్నారు. పావుగంట గడిచింది. లోపల ఏ అలికిడీ లేదు. బయట చౌరస్తాలో ఆటోల హారన్లు, పక్క గదిలో ఎవరో కరెంట్ అఫైర్స్ పైకి చదువుతున్న గొంతు. ఆ పావుగంటలో నేను దేవుడికి ఎన్ని మొక్కులు మొక్కానో చెప్పలేను. అప్పుడు లోపల గిన్నె చప్పుడైంది. గడియ తీసిన చప్పుడైంది.

ఆ గదిని నేను మరిచిపోలేను. బట్టలన్నీ మడతపెట్టి ఉన్నాయి. పుస్తకాలు కట్టలు కట్టి ఉన్నాయి. నేల తుడిచి ఉంది. బల్ల మీద చేతి గడియారం, ఆఫ్ చేసిన ఫోను, ఒక తెల్ల కాగితం. పరీక్షలకు చదివే పిల్లల గది అంత శుభ్రంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. అమ్మగారు కూడా అన్నీ చూశారు. చూసి, "ఉప్మల ఉల్లిగడ్డ ఎక్కువెయ్యి బిడ్డా" అన్నారు. ఆ అమ్మాయి ఉల్లిపాయ తరిగింది. ఆవిడ రెండుసార్లు పెట్టించుకుని తిన్నారు. ఆమెకూ నాలుగు ముద్దలు తినిపించారు. చెయ్యి కడుక్కుని నా వైపు తిరిగారు. "చిన్నయ్యగారూ, నువ్వు చెప్పేది ఒకటుంది."

చెప్పాను. "చెల్లీ, ఆ రోజు నేనన్న మాట ప్రభువుది కాదు. నాదే. నన్ను క్షమించు."

క్షమిస్తుందనే అనుకున్నాను, నిజం చెప్పొద్దూ. ఆమె నా ముఖంలోకి చూసి, "మా నాయిన ఊరందరికి చెప్పుకున్నడన్నా. ఇప్పుడొచ్చి నీ మాట అంటున్నవా?" అంది. అమ్మగారు ఆ సాయంత్రమే ఆమెను తన ఇంటికి తీసుకుపోయారు, నెల దాటే దాకా పంపలేదు. ఇప్పుడామె తన ఊళ్లో బడిలో పాఠాలు చెబుతోంది. నాతో పెద్దగా మాట్లాడదు. అది ఆమె ఇష్టం.

తర్వాత ఒకరోజు చిక్కడపల్లిలో చాయ్ పోస్తూ అమ్మగారే చెప్పారు. "మా అయ్యగారు గూడ నీ లెక్కనే. గొంతు పెద్దది. ఒక పిలగానికి నౌకరి వచ్చినట్టే అని ప్రార్థనల చెప్పిండు. రాలే. మేము పోయెటాళ్లకు తలుపు పలగ్గొడుతున్నరు. ఆనాటి సంది ఆయన ఎవరికి ఏమొస్తదో చెప్పలే. పోయేదాక చెప్పలే."

"మరి ఆ అన్నం అడగడం?" అన్నాను.

"అన్నం తీస్కపోతే ఆడ పెట్టి పోండి అంటరు. అన్నం అడిగితే లేవాలె గద."

"ఆకలి లేకుండానే అడగడం అబద్ధం కదమ్మగారూ?"

"అవ్, అబద్ధమే. దేవునితోని నేను మాట్లాడుకుంట తియ్. నువ్వు చాయ్ తాగు."

బైబిల్ కాలేజీలో చదువుకున్నప్పుడు సంఘ కాపరి గురించి చాలా వ్యాసాలు రాసి మార్కులు తెచ్చుకున్నాను. తప్పిపోయినవాళ్ల దగ్గరికి కాపరి గొప్పగా వెళ్లడని, చెయ్యి చాపుకుని వెళ్తాడని ఏ వ్యాసంలోనూ రాసినట్టు గుర్తులేదు.

అమ్మగారిని నారాయణగూడ సమాధుల తోటలో పెట్టాం. బుధవారం, ముసురు పట్టి ఉంది. పిల్లలు గుంపులుగా వచ్చారు. చర్చిలో నేనెప్పుడూ చూడని ముఖాలు కూడా చాలా ఉన్నాయి. ఒకతను నా పక్కకు వచ్చి, ఎవరికీ చెప్పని సంగతిలా, "అన్నా, అమ్మగారు మా రూముల ఆమ్లెట్ తిన్నది" అన్నాడు. ఇంకో అమ్మాయి, "నా దగ్గర టమాట పప్పు తిన్నరు" అంది. అలా ఎందరో. అమ్మగారు వచ్చింది తన గది ఒక్కదానికే అనుకున్నారు ప్రతి ఒక్కరూ. పరువు పోతోందన్న సంఘపెద్ద ఒక్కొక్కరి మాటా విని గొడుగు కింద నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సాయంత్రం ఆవిడ గది సర్దుతూ, ఆవిడ వెళ్లే పిల్లల పేర్ల కోసం వెతికాను. బైబిల్లో, క్యాలెండర్ వెనక, దిండు కింద. ఒక్క పేరు దొరకలేదు. ఏ హాస్టల్‌లో ఏ అంతస్తులో ఏ తలుపు తట్టాలో అన్నీ ఆవిడ బుర్రలోనే ఉండేవి.

శుక్రవారం మధ్యాహ్నం ఫలితాలు వచ్చాయి. నేను ఒక్కణ్ణే అశోక్‌నగర్ వెళ్లాను. నాకు తెలిసిన పిల్లల గదులు నాలుగు తిరిగాను. ఒకడు నిద్రపోతున్నాడు. ఇద్దరు ఊరికి బస్సెక్కారు. నాలుగోవాడు తలుపు తెరిచి నన్నూ, నా ప్రార్థనలనూ కలిపి తిట్టాడు. తిట్టినందుకు నాకెంత సంతోషమైందో. దిగివస్తుంటే వాడే వెనక నుంచి, "మీది అంతస్తుల ఒకడున్నడన్నా. చర్చోడు గాదు. పొద్దటి సంది తలుపు తీస్తలేడు" అన్నాడు.

ఎక్కాను. తట్టాను. ఆకలిగా ఉంది తమ్ముడూ అందామని దారంతా అనుకుంటూనే వచ్చాను. తీరా తలుపు ముందుకొచ్చాక, అమ్మగారి నోట పలికిన అబద్ధం నా నోట పలకదని తెలిసింది. చివరికి నోట్లోంచి వచ్చింది ఇది: "తమ్ముడూ, నువ్వెవరో నాకు తెలీదు. నేను దగ్గర్లోని చర్చి పాస్టర్‌ని. నాకు చాలా భయంగా ఉంది. ఒక్కణ్ణే ఈ మెట్లు దిగలేను."

అక్కడే తలుపు పక్కన నేల మీద కూర్చుండిపోయాను. ఆ అబ్బాయి ఇప్పుడు వాళ్ల అక్క దగ్గర క్షేమంగా ఉన్నాడు, అది ముందే చెప్పేస్తున్నాను. కానీ కళ్లు మూసుకుంటే నాకు కనబడేది తలుపు తెరుచుకోవడం కాదు, దానికి ముందు గడిచిన ఆ కాసేపు. తలుపుకీ నేలకీ మధ్య జానెడు సందు, లోపలి కిటికీ వెలుతురు. ఆ వెలుతురులోకి రెండు పాదాలు వచ్చి ఆగాయి. ఒకటి నా వైపు తిరిగి ఉంది, ఇంకొకటి ఇంకా గది వైపే ఉంది. నేను ఆ వేళ్లనే చూస్తూ కూర్చున్నాను. అవి కదలడం లేదు.