ఠాణా ముందు సంఘం

మా మండలం ఠాణాకు ఎదురుగా నా చాయ్ హోటల్. హోటల్ వెనక కాలువ, కాలువ దాటితే తిమ్మారెడ్డి పటేలు చేను. గద్వాల నుంచి ధరూర్ వైపు పోయే షేర్ ఆటోలన్నీ నా ముందే ఆగుతాయి. ఇంత మంచి జాగాలో ఉండి కూడా నేను బాగుపడలేదంటే తప్పు నాది కాదు, ఊరికే చాయ్ తాగిపోయే కానిస్టేబుళ్లది. మండలం పేరు మాత్రం చెప్పను. నాకింకా చాయ్ అమ్ముకునే పని ఉంది.

ఇది 2006 నాటి మాట. అప్పుడు మా దగ్గర కూలీ సంఘానికి హుసేన్‌బీ ప్రెసిడెంటు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. కాలువ అవతల ఆమె దగ్గితే నా హోటల్లో గ్లాసులు కదిలేవి. భర్త అబ్దుల్ మజీద్ సైకిళ్లకు పంక్చర్లు వేసేవాడు. అసలు మాట్లాడడు. ఆయన వాటా మాటలు కూడా ఈమే వాడుకునేది.

ఆమె కంటే ముందు ప్రెసిడెంటు మాసయ్య. ఒకసారి ఆయన్ని ఠాణాకు పిలిపించారు. నడిచి వెళ్లినవాడు కుంటుతూ బయటికొచ్చాడు. ఆ తర్వాత ఎవరైనా సంఘం మాటెత్తితే ఆయనకు పక్క ఊళ్లో పని గుర్తుకొచ్చేది. నేను ఆయన్ని ఒక్క మాట అనను. ఆ దెబ్బల చప్పుడు నా హోటల్ దాకా వినిపించింది. మిగతా మగాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, హుసేన్‌బీ కొంగు నడుముకు చుట్టి, "మీరు సూస్తనే ఉండుండ్రి, ప్రెసిడెంటుగ నేనుంట" అంది.

తిమ్మారెడ్డి ఆ ఏడే వరి మాని సీడు పత్తి పెట్టాడు. ఇది విత్తనాల కోసం పెంచే పత్తి, పని చాలా నాజూకు. సాయంత్రం ఆడవాళ్లు సాళ్ల వెంట తిరిగి, మర్నాడు విచ్చుకోబోయే ఆడ మొగ్గల రేకులు, పుప్పొడి కాడలు గిల్లేసి, గుర్తుకు ఎర్ర కాగితం తొడుగుతారు. తెల్లారి మగ పూలు తెంపి తెచ్చి వాటికి రుద్దుతారు. ఎండ ముదిరేలోపు రుద్దకపోతే ఆ మొగ్గ ఎందుకూ పనికిరాదు. సాయంత్రం పెండ్లికూతుర్లను ముస్తాబు చేసుడు, పొద్దుగాల పెండ్లి చేసుడు అని ఆడవాళ్లు నవ్వుకునేవాళ్లు.

నవ్వులాట కానిది ఒకటుంది. పురుగుమందు. ఒక్క పూట పని ఆపినా మొగ్గలు పోతాయని, ఆడవాళ్లు సాళ్లలో ఉండగానే మందు కొట్టించేవాడు తిమ్మారెడ్డి. అయిదు నెలల కడుపుతో ఉన్న సాయమ్మ ఒకరోజు చేన్లోనే వాంతులు చేసుకుని పడిపోయింది. ఆటోలో వేసి గద్వాల దవాఖానకు తీసుకుపోయారు. తల్లీ, కడుపులో బిడ్డా బతికారు. అయితే ఇంకోసారి గట్లయితే మాది జిమ్మేదారి కాదని డాక్టరమ్మ చెప్పిందట. సాయమ్మకు పనిలోకి రాకుండా ఇంట్లో కూర్చునే వీలు లేదు.

మరుసటి సాయంత్రం మొగ్గల పని అయిపోయాక హుసేన్‌బీ గట్టెక్కింది. "మందు కొట్టిన దినం, దాని తెల్లారి మనం చేన్లకు దిగం. అంతే" అంది. ఇంత చిన్న ఉపన్యాసం ఆమె జీవితంలో అదొక్కటే. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు తిమ్మారెడ్డి చెవిలో పడ్డాయి.

తెల్లారేసరికి జీపు హుసేన్‌బీ ఇంటి ముందుంది. నలుగురికి మించి గుమిగూడొద్దన్న ఉత్తర్వును ధిక్కరించిందని తీసుకొచ్చి ఠాణా వరండాలో కూర్చోబెట్టారు. నేను చాయ్ తీసుకుని లోపలికి వెళ్లాను. ఎస్సై ఆమె ముందు బల్ల మీద లాఠీతో కొడుతున్నాడు.

"నీ వెనక ఎవరున్నారో చెప్పు. అడవిలో వాళ్లా?"

"నా ఎనక సాయమ్మ ఉంటది సారూ. సాయమ్మ ఎనక అలివేలమ్మ. సాళ్లల్ల మేం గట్లనే పోతం."

"నీ ముందు ప్రెసిడెంటుకు ఏమైందో గుర్తుందా?"

"ఉన్నది సారూ. దినాం కనవడ్తడు గద."

మాట గట్టిగానే వచ్చింది. నేనిచ్చిన చాయ్ మాత్రం ఒక్క గుక్క తాగకుండానే కింద పెట్టేసింది. మాసయ్యను కొట్టిన రోజు ఏమీ చేయలేకపోయాను, ఈ రోజూ ఏమీ చేయలేను అనిపించి, నా మీద నాకే కోపమొచ్చింది.

అప్పుడు గేటు దగ్గర అలికిడి. చేన్లోకి పోవాల్సిన ఆడవాళ్లంతా సద్ది గిన్నెలతో సహా ఠాణాలోకి వస్తున్నారు. ముందు అలివేలమ్మ, పక్కన సాయమ్మ.

"సారూ, నిన్న అక్క మాట్లాడినప్పుడు మేం గూడ ఉంటిమి. సప్పట్లు గూడ కొడ్తిమి. మమ్ముల గూడ లోపలెయ్యుండ్రి."

ఠాణాలో ఉన్నది ఒకటే గది. అందులో ఎప్పుడో పట్టుకున్న సైకిళ్లు, ఒక ఇసుక బండి చక్రం ఉన్నాయి. ఎస్సై ఆ గదిని చూశాడు, ఆడవాళ్లను చూశాడు, ఏం చేయాలో తోచక నన్ను కసిరాడు. ఆడవాళ్లు వాకిట్లో వరసగా కూర్చుని సద్ది విప్పారు.

ఎండ ఎక్కుతోంది. చేన్లో గిల్లిన మొగ్గలన్నీ ఎర్ర కాగితాలు పెట్టుకుని ఎదురుచూస్తున్నాయి. వరి నాట్లయితే ఒకరోజు ఆగినా కొంప మునగదు. అదే అలవాటున తిమ్మారెడ్డి, ఈ ఒక్కదాన్ని పట్టిస్తే మిగతావాళ్లు నోరుమూసుకుని వస్తారనుకున్నాడు. పాపం, మొగ్గలన్నీ గిల్లించుకున్నాక పట్టించాడు. బండి మీద వచ్చి దిగేసరికి చొక్కా చెమటకు తడిసిపోయి ఉంది.

"సారూ, జర ఆమెను ఇడ్సిపెట్టుండ్రి."

"రాత్రి పట్టుకోమన్నది మీరే కదా?"

"అప్పుడన్న. ఇప్పుడు ఇడ్సమంటున్న."

"ఇది ఠాణా అనుకున్నారా, మీ ఇంట్లో కోళ్ల గంప అనుకున్నారా?" అని ఎస్సై మండిపడ్డాడు.

హుసేన్‌బీ వరండాలోంచే అందుకుంది. "నాకేం తొందర లేదు పటేలా. ఈడ సల్లగుంది. ఆడ పెండ్లికూతుర్లు కాసుకోనున్నరు, నువ్వే పోయి ఒక్కొక్కదానికి తాళి గట్టు."

కానిస్టేబుల్ కూడా నవ్వాడు. తిమ్మారెడ్డి ఎండ వైపు చూశాడు, చేను వైపు చూశాడు. "ఏం గావాలె నీకు?" అన్నాడు చివరికి.

"నిన్న చెప్పినదే. మందు కొట్టిన దినం, దాని తెల్లారి చేన్ల ఎవ్వరుండరు. నాకు చెప్పకు. సాయమ్మకు చెప్పు."

ఆయన సాయమ్మ వైపు తిరిగి, "సరేనమ్మా, ఉండరు" అన్నాడు, నేల చూపులు చూస్తూ. ఆడవాళ్లు సద్ది మూతలు పెట్టి లేచారు. ఆ పూట ఎన్ని మొగ్గలు దక్కాయో తెలియదు గానీ, అంత పరుగు మీద పత్తి చేలోకి పోయిన మనుషుల్ని నేను ఇంకెప్పుడూ చూడలేదు.

ఎస్సై పరువు కోసం, హుసేన్‌బీ ప్రతి సోమవారం ఠాణాకొచ్చి సంతకం పెట్టాలని హుకుం జారీ చేశాడు. మండలంలో మరెక్కడా గుమిగూడకూడదని కూడా చెప్పాడు. ఇంకేం, సోమవారం ఆమె సంతకానికి వస్తే తోడుగా సంఘమంతా వచ్చేది. ఠాణా వాకిట్లోనే మీటింగ్. కొత్తవాళ్లు సంఘంలో చేరేదీ అక్కడే. "మీటింగ్ యాడ అంటే ఎవ్వరికీ ఎతుకులాట లేదు జంగయ్యన్నా, సర్కారే జాగ సూపిచ్చింది" అనేది నాతో.

పటేలు మాట మీద నిలబడతాడని నాకు నమ్మకం లేదు. నిలబడ్డాడు. రేపు మందు కొట్టిస్తున్నా, రావద్దని ఆయనే కబురు పంపాడు.

ఆ రోజు ఆడవాళ్లందరూ నా హోటల్ ముందు బల్లల మీద కూర్చున్నారు. సాయమ్మ కాళ్లు చాపుకుని గోడకు ఆనుకుంది, ఒక చేయి పొట్ట మీద వేసుకుని. హుసేన్‌బీ ఎప్పుడూ లేంది కాళ్లూపుకుంటూ చాయ్ తాగుతోంది. కాలువ మీదుగా మందు వాసన గుప్పున వచ్చింది. ఆ వాసనలో ఈసారి మా ఆడవాళ్లు ఒక్కరూ లేరు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, మందు ఘాటుకే అనుకుందాం.

చేన్లో మందు కొడుతున్నవాడు పటేలు జీతగాడు హన్మంతు ఒక్కడే. ఒంటి మీద చొక్కా లేదు, మూతికి గుడ్డ లేదు. హుసేన్‌బీ కాళ్లూపడం ఆపి అటే చూసింది. గ్లాసు కింద పెట్టి లేచింది.

సాయమ్మ ఆమె కొంగు పట్టుకుంది. "అక్కా, ఈ ఒక్క దినమన్న కూసోరాదే."

"కూసుంట" అంది హుసేన్‌బీ, కొంగు విడిపించుకుని కాలువ వైపు నడుస్తూ. "ఆన్ని గూడ తోల్కొచ్చి కూసుంట."