కొత్త కారు ముందు కట్టిన దండ

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో, చిత్తూరులో మా మేనమామ దగ్గర రెండు అమెరికా కార్లుండేవి. ఒకటి ఆయన పుట్టకముందుది. పడవంత పొడవు, వెనక రెక్కలు, ముందంతా చేయి దూరేంత సందులున్న మెరిసే కమ్మీలు. రెండోది కొత్తగా తెప్పించుకున్నది, నేలను కరుచుకున్నట్టుండేది. రెండింటికీ ఎనిమిది సిలిండర్లే. పాతది ఆ బలాన్ని తాపీగా వాడేది. కొత్తది కాలు ఆనిస్తే చాలు, వీపును సీటుకు అదిమేది.

అమ్మ ఎన్నాళ్లనుంచో మొక్కుకున్న, కొండమీద సామి కల్యాణోత్సవానికి టికెట్టు దొరికింది. ఆమెతో నేనూ కూర్చోవాలి. చెప్పిన వేళ దాటితే లోపలికి పోనివ్వరు. పాత కారు ఊపుకి అమ్మ మోకాళ్లు తట్టుకోవని మామ కొత్తది తీశాడు. దారిలో తిరుచానూరులో ఆగి, అమ్మవారి ప్రసాదంగా ఇచ్చిన లావాటి దండను అలవాటు ప్రకారం కారు ముందు కట్టాడు.

అలిపిరి దాటి సగం కొండ ఎక్కామో లేదో, స్టీరింగు వెనక మీటర్లలో ఎర్ర దీపం వెలిగింది. ఇంజను కాగిపోయింది. మామ మలుపులో ఆపి, దిగి చూశాడు. దండ ఇంజనుకు పోయే గాలికి అడ్డంపడి ఉంది.

"పాతదానికి ఎన్నేండ్లు కట్టినా, ఏమీ కాలా! దీనికుండేది చీమ దూరే సందు. తీసేస్తానక్కా."

"రేయ్, అమ్మవారి దండరా! సామిని సూడకుండానే తీస్తావా?"

"ఇంజనుకు శాస్త్రం తెలీదక్కా. అల్లుడా, గుళ్లో పాశురాలు సదివే గోష్ఠిలో కూసునేది నువ్వే గదా, సెప్పు!"

చేతి గడియారం చూశాను. నిర్మాల్యాన్ని తొక్కరాదని, కళ్లకద్దుకోవాలని పెద్దల దగ్గర విన్నాను. కారుకు కట్టినదాని సంగతి ఎవరూ చెప్పలేదు.

"తీసి కళ్లకద్దుకుని అట్టిపెట్టుకుంటే దోషం లేదమ్మా."

"తల్లో పెట్టుకుందునా? కొండమీద పూలు పెట్టుకోకూడదే!"

"ఒళ్లో పెట్టుకోమ్మా."

ఆమె దండను కొంగులో చుట్టుకుంది. బానెట్ తెరిచి వేడి తగ్గేదాకా నిలబడ్డాం. జీపులు, బస్సులు గోవిందనామాలతో మమ్మల్ని దాటిపోయాయి. ప్రతి బస్సుతోపాటు మా వేళా పోతోందనిపించింది. నామాలు చెప్పుకుంటూనే రెండుసార్లు మధ్యలో మరిచిపోయాను.

దండను మామకిచ్చి మేం కల్యాణమండపం చేరేసరికి వాకిలి దగ్గరున్నాయన తలుపు మీద చెయ్యి వేసి ఉన్నాడు.

"నడిసొచ్చినోళ్లు ఎప్పుడో కూసున్నారు. కార్లో వచ్చి ఇంతసేపా?" అంటూనే పక్కకు జరిగాడు.

కల్యాణం మొదలైంది. నాకు మంత్రాలు చెవిన పడటం లేదు. నేను చెప్పింది ధర్మమా, గడియారం చెప్పించిన మాటా? అమ్మ పుణ్యానికి నా మాటవల్ల లోటు వస్తే? ఓరగా ఆమె ముఖంలోకి చూశాను. ఆమె నా మోచేతిని పొడిచింది.

"నన్నెందుకు సూస్తావు? ఆడ సామిని సూడు."

చూశాను. మంగళసూత్రం పైకెత్తి చూపుతున్నారు.