ఆయన పాటను ఆయనే తప్పు వాయిస్తున్నాడన్నారు

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి టీ కోసం ప్యాకింగ్ సెక్షన్ నుంచి బయటికి వచ్చి, లాకర్లోంచి ఫోను తీశాను. మా బ్యాండు మాస్టర్ కూతురు పదకొండు సార్లు చేసింది. తిరిగి చేస్తే ఒక్కటే మాట అన్నది: "అక్కా, బాపు పోయిండు." ఎక్కడికి అని అడిగాను. నిజంగానే అడిగాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ తల కొట్టుకోవాలనిపిస్తుంది.

ఇస్నాపూర్ చౌరస్తాలో కంపెనీ బస్సు కోసం నిలబడ్డ మనిషి గోడకు ఆనుకుని అట్లాగే కూర్చుండిపోయాడట. పక్కవాళ్లు ఆటోలో వేసుకుని ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. ఆదివారం సాయంత్రం దాకా మాతో ప్రాక్టీసు చేసిన మనిషి. నేను పాడుతూ ఒకచోట శ్రుతి తప్పితే క్లారినెట్ నోట్లోంచి తీసి, నా వైపు ఒకసారి చూసి, మళ్లీ పెట్టుకున్నాడు. యాభై ఏడేళ్లు. బీపీ లేదు, షుగరు లేదు. ఇది రాస్తుంటే కూడా నాకు అబద్ధం రాస్తున్నట్టే ఉంది.

మీలో చాలామందికి ఆయన తెలియదు. ఆయన కట్టిన ట్యూను మాత్రం మీ చెవిన పడే ఉంటుంది. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయనది ఇస్మాయిల్‌ఖాన్‌పేట దగ్గర ఊరు. చిన్నప్పటి నుంచి తండ్రి వెంట పెళ్లిళ్లలో బ్యాండు మేళం వాయించాడు. డీజేలు వచ్చాక మేళంలో ఒక్కొక్కరూ బూరలు అమ్ముకుని ఫ్యాక్టరీల దారి పట్టారు. ఆయనా పటాన్‌చెరులో ఒక కెమికల్ కంపెనీ బాయిలర్ దగ్గర చేరాడు. క్లారినెట్ మాత్రం అమ్మలేదు. కొన్నేళ్లకు లేత్ మిషన్ మీద పనిచేసే ఒకతన్ని దరువు వేసే ప్యాడ్ మీద, ఒడిశా నుంచి వచ్చిన ఒక వెల్డర్‌ను కీబోర్డు మీద కూర్చోబెట్టి మళ్లీ బ్యాండు మొదలుపెట్టాడు.

మా కాలనీలో బతుకమ్మ ఆడుతుంటే నా గొంతు విని మా ఇంటికొచ్చాడు. నన్ను కాదు, మా అత్తమ్మను అడిగాడు. "అమ్మా, మీ కోడలిని పాటగత్తెను చేస్త అంటలేను. ఆదివారం రెండు గంటలు ఇయ్యుండ్రి, సాలు" అన్నాడు. వద్దనడానికే కూర్చున్న మా అత్తమ్మ చాయ్ పెట్టమంది.

వాయించే ముందు నోట్లో లవంగం వేసుకునేవాడు. మేమందరం తిన్నామో లేదో ఒక్కొక్కరినే అడిగి కానీ స్టేజీ ఎక్కేవాడు కాదు. డీజే ముందు మనమెంత అని ప్యాడ్ తమ్ముడు ఒకసారి నిరాశపడితే, "డబ్బాకు అలుపు రాదురా. మనకొస్తది. పాటల ఆ అలుపు ఇనపడాలె" అన్నాడు. పాడుతూ ఊపిరి తీసుకునే చప్పుడు దాచుకోవడం ఆ రోజుతో మానేశాను.

ఆయన భార్యదీ ఫ్యాక్టరీ పనే, వేరే షిఫ్టు. ఈయన ఎక్కే బస్సులోంచే ఆమె దిగేది. ఏళ్ల తరబడి వారంలో ఆరు రోజులు ఇద్దరూ కలిసింది ఆ బస్సు మెట్ల దగ్గరే. దాని మీదే పాట కట్టాడు: "నువ్వు దిగేటి బస్సునే నేనెక్కుతుంటి, నడుమ మెట్టు మీద నవ్వొకటి ఇచ్చిపోవే." నెమ్మదిగా సాగే పాట. ఎక్కడ పాడినా షిఫ్టు చేసే ఆడవాళ్లు మళ్లీ పాడమనేవాళ్లు.

బొంతపల్లి జాతరలో ఆ పాట విని, ఒక పాటల కంపెనీ మనిషి మాస్టర్‌ను పక్కకు పిలిచాడు. నేనూ వెంట వెళ్లాను. ట్యూను ఇస్తే పేరున్న గాయనితో పాడిస్తామన్నాడు. వాయించేది ఎవరని మాస్టర్ అడిగాడు. వాయించేవాళ్లతో పనేముంది, అంతా కంప్యూటర్‌లో అయిపోతుందన్నాడు అతను. మాస్టర్ కాసేపు ఆలోచించి, "పాడెటోళ్లను, వాయించెటోళ్లను తీసేసి పాటను ఇయ్యలేను సార్" అని దండం పెట్టి వచ్చేశాడు.

నాలుగు నెలలకు ఆ కంపెనీ పాట వచ్చింది. ట్యూను అదే. మాటలు మార్చారు, వేగం రెట్టింపు చేశారు, పాటలో భార్య పోయి పెళ్లి బరాత్‌లో ఎగిరే పిల్ల వచ్చింది. ఎవరి పేరో వేసుకున్నారు. ప్రతి ఆటోలో, ప్రతి డీజేలో అదే. ఆ వారంలోనే, జాతరలో మేం పాడినప్పుడు తీసి మాస్టర్ కూతురు నెట్‌లో పెట్టిన వీడియో మూగబోయింది. అందులోని సంగీతం ఆ కంపెనీదని ఇంగ్లీషులో నోటీసు. పాట మాదేనని ఆమె రెండుసార్లు రాసింది. రుజువు చూపమన్నారు. "పాట పుట్టినప్పుడు కాయితం ఎవడు పట్టుకున్నడు బిడ్డా" అని మాత్రం అన్నాడాయన. ఆ రోజు లవంగం వేసుకోవడం మరిచిపోయాడు.

తర్వాత జిన్నారంలో ఒక పెళ్లి. బరాత్ మొదలవగానే పెళ్లికొడుకు స్నేహితులు వచ్చి ఆ కంపెనీ పాటే వాయించమన్నారు. మాస్టర్ తన పాటను తాను కట్టినట్టే ఎత్తుకున్నాడు. పది అడుగులు నడిచామో లేదో ఒకతను చెయ్యి ఊపి ఆపించాడు. "గట్ల కాదు అంకుల్, తప్పు వాయిస్తున్నవ్. అసలు పాట ఇని నేర్చుకో" అని ఫోను తీసి ఆయన చెవి దగ్గర పెట్టాడు.

మాస్టర్ విన్నాడు. మొత్తం విన్నాడు. నేను నోరు తెరవబోతే చేత్తో వారించాడు. క్లారినెట్ మూతిని తువ్వాలతో తుడుచుకుని, వాళ్లకు కావలసిన వేగంలో, ఒక్క స్వరం తప్పకుండా వాయించాడు. జనం ఎగిరారు. తిరిగి వస్తుంటే ఆటోలో నేను ఏడ్చాను. "పెండ్లి వాళ్లది బిడ్డా, కొట్లాట మనది. రెండు కలపొద్దు" అన్నాడు.

ఆయన వాయించడం మానలేదు. ఆ తర్వాత ఎక్కడికి వెళ్లినా, ఆ పాటకు ముందు అది ఏ బస్సు మెట్ల మీద పుట్టిందో చెప్పి మొదలుపెట్టేవాడు. కొందరు వినేవాళ్లు, కొందరు త్వరగా కానియ్యమనేవాళ్లు. చెప్పడం మాత్రం ఒక్కసారీ ఆపలేదు.

బుధవారం సాగనంపాము. ఏం వాయించాలో తెలియక నిలబడితే ఆయన భార్యే అన్నది: "ఆయన పాటనే పాడుండ్రి. ఉరకకుండ్రి, మెల్లగ పాడుండ్రి." క్లారినెట్ పట్టుకునేవాళ్లు మాలో లేరు. ఆ చోట్లు ఖాళీగా వదిలేసి పాడాను. రాలేకపోయిన చుట్టాల కోసమని కూతురు వీడియో తీయించి నెట్‌లో పెట్టింది.

మూడో రోజు వాళ్లింట్లో కూర్చుని ఉంటే కూతురు ఫోను తెచ్చి నాకు చూపించింది. అదే నోటీసు. ఆయన పాడె ముందు పాడిన ఆయన పాట కూడా ఆ కంపెనీదేనట. వాళ్లమ్మ ఫోను తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని, "చప్పుడు రాదేందే, ఖరాబైందా?" అన్నది. కూతురు గోడవైపు తిరిగింది. నేనే చెప్పాల్సి వచ్చింది.

వాళ్లమ్మ ఫోనును కూతురి ముందు పెట్టింది. "మళ్లొక్కసారి పెట్టు" అన్నది.

ఫోనును చాప మీద పెట్టుకుని ముగ్గురం వంగి చూశాం. పాడె కదులుతోంది. ఎవరో పేలాలు చల్లుతున్నారు. ప్యాడ్ మీద తమ్ముడి చేతులు పడి లేస్తున్నాయి. నేను నోరు తెరుస్తున్నాను, మూస్తున్నాను, మళ్లీ తెరుస్తున్నాను.