అర్థమాయనా అంటే ఆయ్ అన్నాం

మొన్న మా అమ్మాయికి బూట్లు కొందామని అమలాపురంలో ఒక ఆటవస్తువుల కొట్టుకి వెళ్తే, గుమ్మంలో వలసంచిలో వేలాడదీసిన కొత్త ఫుట్‌బాళ్ళ రబ్బరు వాసన గుప్పుమంది. అది నాకు పరాయి వాసన. మా బంతికి కొబ్బరినూనె వాసన వచ్చేది. ముమ్మిడివరం దగ్గర మా హైస్కూల్లో ఉన్న ఆ ఒక్కగానొక్క తోలుబంతి ఎండకి పగులుతుంటే, వంతులవారీగా ఇంటికి పట్టుకుపోయి, తలకి రాసుకునే నూనె అమ్మ చూడకుండా దానికి పట్టించి, మర్నాడు బడికి తెచ్చేవాళ్ళం. "నువ్వు ఆడేవాడివా నాన్నా?" అని మా అమ్మాయి అడిగింది.

తొంభైల మధ్యలో మాట. అప్పటిదాకా మాది ఆట అనడానికి లేదు. పాత డ్రిల్లు మాస్టారు బంతి మా మీదకి విసిరి, కొబ్బరిచెట్ల నీడన కుర్చీ వేసుకుని కునుకు తీసేవారు. ఇక మేమందరం బంతి ఎటు పోతే అటు గుంపుగా పోయేవాళ్ళం. వానాకాలంలో గ్రౌండంతా నీళ్ళు నిలిచి బంతి తేలుతుంటే, చేపకోసం తడుముకున్నట్టు కాళ్ళతో తడుముకునేవాళ్ళం. వేసవి ముందర గట్టు అవతల మామిడికాయ రాలిన చప్పుడైతే గోల్‌కీపరుతో సహా అటే పరుగు. పక్క ఊరి జట్టు వచ్చినప్పుడు ఎవరి కాలైనా ఎవరికైనా తగిలితే ఆట ఆపేసి "తగిలిందాండీ?" "అబ్బే, లేదండీ" అనుకునేలోపు బంతి ఎవరిదో మరిచిపోయేవాళ్ళం. ఓడిపోయామని ఒక్కనాడూ ఎవరికీ ఆకలి మందగించలేదు.

నేను తొమ్మిదిలో ఉండగా ఓబులేసు మాస్టారు వచ్చారు. అనంతపురం వైపు మనిషి, సన్నగా, ఎండిన కట్టెలా ఉండేవారు. వచ్చిన మొదటిరోజే కుర్చీ లోపల పెట్టించేసి, "నేను ఉరికినంతసేపు మీరూ ఉరకాల" అని కాలవగట్టు మీద తనే ముందు పరుగు తీశారు. తెల్లారి మంచు ఇంకా వదలకముందే ఆయన వెనక మేం, మా వెనక ఊరకుక్కలు. నాగుల చవితికి కూడా సెలవివ్వలేదు. పుట్టలో పాలు పోసి, నువ్వుల చిమ్మిలి ఉండలు, చలివిడి నిక్కరు జేబుల్లో కుక్కుకుని పరిగెత్తితే బెల్లం కరిగి తొడలకి అంటుకుని చీమలు పట్టాయి. మాస్టారు నాలుగు ఉండలు మా దగ్గరే అడిగి తిని, "బాగుండాయప్పా" అని ఇంకో రెండు చుట్లు తిప్పారు.

"ఆటకి ఇంత కష్టవేంట్రా అబ్బులూ, చిక్కి సగవైపోయేవు" అని మా అమ్మ గొణిగేది. నాకు మాత్రం సంతోషంగా ఉండేది. లెక్కల్లోనూ ఇంగ్లీషులోనూ ఎందుకూ పనికిరాడని తేల్చేసిన నన్ను ఆయన కుడివైపు వెనక నిలబెట్టి, "నీ మనిషిని వదలగాకు, ఊపిరి పోయినా వదలగాకు" అన్నారు. నాదంటూ ఒక పని ఉందని నాకు మొదటిసారి చెప్పిన మనిషి ఆయనే. అయితే ఆయన్ని తీసుకున్నది ఒక్క ఏడాదికే. అమలాపురం పోటీల్లో ఒక్క ఆటైనా గెలిస్తే ఉంచుతామనీ, లేకపోతే ఆ పీరియడ్లు లెక్కలకి ఇచ్చేస్తామనీ స్కూలు కమిటీ పెద్దలు చెప్పేశారు. ఆయన వెళ్ళిపోతారేమోనన్న దిగులుతో నాకు అన్నం సరిగా దిగేది కాదు.

ఆ గెలుపు కోసమే ఆయన మాకొక ఎత్తు నేర్పారు. నేల మీద నాలుగు కొబ్బరిచిప్పలు బోర్లించి, అవి వెనక ఆడే మేం నలుగురం అన్నారు. "మన కెప్టెన్ సత్తిబాబు చెయ్యి ఎత్తంగానే నలుగురూ ఒక్కసారే ముందుకి రావాల. వాళ్ళోడు మీ వెనకాల ఒంటిగా చిక్కితే రెఫరీ విజిల్ ఊదుతాడు. అర్థమాయనా?"

"ఆయ్" అన్నాం అందరం.

మా వైపు ఆయ్ అంటే చిత్తం, వింటున్నాం అని మర్యాద. పెద్దవాళ్ళు వాన వచ్చేలా ఉందన్నా ఆయ్, వచ్చేలా లేదన్నా ఆయ్. ఆయన సీమలో ఆయ అంటే అయిపోయింది అని. మూడు నెలలు రోజూ చిప్పలు జరిపి ఆయన అడగడం, మేం ఆయ్ అనడం. సత్తిబాబు చెయ్యి ఎత్తితే పక్కవాళ్ళని చూసి నేనూ కదిలేవాణ్ణి గాని, మన గోలు ఎవడికో వదిలేసి ముందుకి పోవడమేమిటో నా బుర్రకి ఎక్కితే ఒట్టు. అంత చెమటోడ్చి చెబుతున్న మనిషితో అర్థం కాలేదంటే ఆయన చెప్పడంలో తప్పుపట్టినట్టుంటుందని భయం.

అమలాపురంలో రాజోలు వైపు జట్టుతో మొదటి ఆట, ఓడితే ఇంటికే. చివరిదాకా ఎవరికీ గోలు లేదు. ఆయన పెట్టించిన పరుగుల పుణ్యమా అని వాళ్ళు రొప్పుతున్నా మేం నిలబడ్డాం. అప్పుడు నా పక్కనున్న వాళ్ళ పొడుగాటి కుర్రాడు మెల్లగా మా గోలు వైపు జరిగాడు. బంతి ఇంకా గ్రౌండు మధ్యనే ఉంది. సత్తిబాబు చెయ్యి ఎత్తాడు. ముగ్గురూ ముందుకి ఉరికారు. నాకు మాత్రం నా మనిషి కనబడ్డాడు. వదలగాకు అన్న మాట తప్ప ఇంకేమీ గుర్తు రాక, వాడితోపాటు వెనక్కి పరిగెత్తాను. బంతి మా మీదుగా వచ్చింది. వాడితోపాటు నేనూ వెనక ఉన్నాను, వాడు ఒంటిగా చిక్కలేదు కాబట్టి విజిల్ మోగలేదు. వాడు కొడుతుంటే కాలు అడ్డం పెట్టాను, అందలేదు, గోలైపోయింది. తిరిగి చూస్తే సత్తిబాబు ఎత్తిన చెయ్యి దించకుండా అక్కడే నిలబడి ఉన్నాడు.

ఓడిపోయి తిరిగొస్తుంటే బస్సులో మాస్టారు నా పక్కన కూర్చున్నారు. కోప్పడలేదు.

"ఏలరా వెనక్కి ఉరికితివి?"

"ఆణ్ణి వదిలేత్తే గోలైపోద్ది కదండీ."

"అర్థమాయనా అంటే ఆయ్ అంటివి కదరా!"

ముందు సీట్లోంచి సత్తిబాబు నెమ్మదిగా చెప్పాడు. "ఆయ్ అంటే వింటన్నామనండీ మాస్టారూ. అర్థవైందని కాదండీ."

ఆయన మా అందరి మొహాలూ ఒక్కొక్కటే చూశారు. "అంటే మూడు నెల్లూ విన్యారు. అంతేనా?"

"ఆయ్" అన్నాం.

ఆయన నవ్వారు. ఆ నవ్వు నాకు ఏడుపు కన్నా కష్టమనిపించింది. పరీక్షలు కాగానే ఒక రేకుపెట్టెతో బస్సెక్కి వెళ్ళిపోయారు. గట్టు మీద పరుగు మరో వారం సాగింది, ఆ తర్వాత ఎవరూ లేవలేదు.

ఇప్పుడు ఆ గ్రౌండుని ఆనుకుని అన్నీ రొయ్యల చెరువులే. ఉప్పెక్కి గడ్డి కూడా సరిగా మొలవడం లేదు. పిల్లలు ఆటలకి ఆటో కట్టించుకుని ముమ్మిడివరం పోతున్నారు. సత్తిబాబు దగ్గర ఆ ఆట ఊసెత్తితే మాట మార్చేస్తాడు. కాలేజీలో చేరాక ఒకరోజు హాస్టల్ టీవీలో మ్యాచ్ చూస్తుంటే, నలుగురు ఒక్కసారే ముందుకి అడుగేయడం, ఆఫ్‌సైడని విజిల్ మోగడం, వెనక ఒంటిగా మిగిలిపోయిన అవతలి జట్టువాడు చేతులు చాచడం కళ్ళారా చూశాను. ఎంత తేలికో! ఎందుకలాగో మాస్టారు ఇంకొక్కసారి విడమరిచి చెబితే ఆనాడే తెలిసిపోయేది. అడగవలసింది నేను, అడగలేదు. ఆయన ఊరి పేరు కూడా ఎప్పుడూ అడగలేదు.